తాతగారి అచ్చాఫీసు: గోడలకి చట్టం ఉందంటున్నారు, మరి లోపలి మిషన్లకి?

మింటువీధి_మనవడు

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

చెన్నై జార్జిటౌన్‌లో, మింట్ స్ట్రీట్‌కి రెండు సందుల అవతల మా తాతగారి అచ్చాఫీసు ఉంది. ఆయన 1934లో మొదలుపెట్టారు, బిల్డింగ్ మాత్రం అంతకంటే చాలా పాతది. మద్రాసు టెర్రస్ కప్పు, టేకు దూలాలు, సున్నం గోడలు. శుభలేఖలు, పంచాంగాలు, భజన పాటలు, థియేటర్ల దగ్గర అమ్మే సినిమా పాటల పుస్తకాలు, అన్నీ అక్కడే అచ్చయ్యేవి. ఆఫ్‌సెట్, డీటీపీ వచ్చాక పని తగ్గుతూ తగ్గుతూ 1998లో మూతపడింది. నాన్న బతికున్నన్నాళ్ళూ నెలకోసారి వెళ్ళి తుడిచి, దీపం పెట్టి వచ్చేవారు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. తాళం చెవి ఇప్పుడు నా దగ్గరుంది.

లోపల రెండు ట్రెడిల్ మిషన్లు (చిన్న అచ్చు మిషన్లు), ఒక పెద్ద ఫ్లాట్‌బెడ్ సిలిండర్ మిషన్ (ఇత్తడి పలక మీద ఇంగ్లండ్‌లోని ఓట్లీ ఊరి పేరు ఉంది), ఒక కటింగ్ మిషన్, గోడ పొడుగునా టైపు కేసులు (సీసం అక్షరాలు పెట్టే గూళ్ళ పెట్టెలు). పైన దూలాలకి బిగించిన పొడుగాటి ఇనుప షాఫ్టు, దానికి పుల్లీలు. ఒక్క మోటారుతో బెల్టుల మీద అన్ని మిషన్లూ తిరిగేవట, బెల్టులు ఇప్పుడు లేవు. పోయిన వారం వెళ్ళినప్పుడు చూశాను, ఒక ట్రెడిల్‌లో ఆఖరి ఫారం, అంటే అచ్చుకి పేర్చిన అక్షరాల చట్రం, అలాగే బిగించి ఉంది. అక్షరాలు తిరగేసి ఉంటాయి కదా, ఫోన్‌లో ఫోటో తీసి ఫ్లిప్ చేసి చదివాను. ఎవరిదో పెళ్ళి. పెళ్ళికూతురి పేరు స్పష్టంగా ఉంది, ముహూర్తం దగ్గర రెండు అక్షరాలు రాలిపోయాయి.

ఇక సమస్య. మా పెదనాన్నగారి అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. బిల్డర్‌తో మాట్లాడుకున్నాడు. బిల్డింగ్ అమ్మడానికి అందరి సంతకాలూ కావాలి కాబట్టి అది కాస్త ఆగింది. ఇప్పుడు కొత్తగా, "బిల్డింగ్ సంగతి తర్వాత చూద్దాంరా, ముందు లోపలి తుక్కు తీసేద్దాం, అదెలాగూ కదిలే వస్తువే కదా, దానికి నీ సంతకం దేనికి" అంటున్నాడు. పుదుపేట నుంచి పాత ఇనుము వాళ్ళు వచ్చి బయట నుంచే లెక్క కట్టి వెళ్ళారు. టైపుని సీసం రేటుకి కిలోల లెక్కన అడిగారు.

నా ప్రశ్నలు: ఇలాంటి బిల్డింగ్‌ని హెరిటేజ్ లిస్టులో పెట్టించవచ్చా? పెట్టిస్తే లోపలి మిషన్లకి కూడా రక్షణ వస్తుందా? అన్నయ్య నన్ను అడగకుండా వాటిని తీసుకెళ్ళగలడా?

పెరంబూరు_రైలుగేటు

మీ పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదండీ.

మా నాన్న ఒక నూలు మిల్లులో ఫిట్టరు. ఏ మిల్లు, ఎక్కడ అని వద్దులెండి. అది మూసేశాక బిల్డింగ్‌ని కూలుస్తారా ఉంచుతారా అని మీటింగులు, పేపర్లలో ఉత్తరాలు, ఫోటోల ఎగ్జిబిషన్. ఈ హడావుడి జరుగుతుండగానే వెనక గేటు నుంచి స్పిన్నింగ్ ఫ్రేములు లారీలెక్కి పోయాయి. ఎవరూ అడ్డుపడలేదు, ఎందుకంటే అందరూ గోడనే చూస్తున్నారు. చివరికి మిగిలింది పెద్ద ఖాళీ షెడ్డు. ఖాళీ షెడ్డు కోసం కొట్లాడమంటే ఎవరొస్తారు చెప్పండి? "అందులో ఏముందని" అన్నారు. ఏడాది తిరక్కుండా అదీ పోయింది.

బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు, మనవాళ్ళు బిన్నీ మిల్లు అంటారే, దాని సంగతి చూడండి. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది ఆ మిల్లు కార్మికుల వల్లే. దేశంలో పద్ధతిగా ఏర్పడిన మొదటి కార్మిక సంఘం అంటారు దాన్ని. 1996లో మిల్లు మూతపడింది. ఆ తర్వాత చాలాకాలం ఆ షెడ్లు సినిమా షూటింగులకి వాడారు, సగం తమిళ సినిమాల ఫైట్లు అక్కడే. మా పిల్లలకి బిన్నీ మిల్లంటే హీరో రౌడీలని కొట్టే చోటు, అంతే. అక్కడ మగ్గాలు ఉండేవని చెబితే వింతగా చూస్తారు.

చట్టం గురించి తెలిసినవాళ్ళు చెబుతారు. నా మాట ఒక్కటే, గోడ ఎక్కడికీ పోదు, ముందు మిషన్ల సంగతి చూడండి.

హైకోర్టు_క్యాంటీన్

వృత్తిరీత్యా వకీలుని. ఇది సలహా కాదు, కబుర్లు అనుకోండి. కాగితాలు చూడకుండా ఎవరు సలహా చెప్పినా నమ్మకండి, నాతో సహా.

మూడో ప్రశ్న ముందు చెబుతాను, అది అర్జెంటు. "కదిలే వస్తువు కాబట్టి సంతకం అక్కర్లేదు" అన్నది తప్పు. కదిలేదైనా కదలనిదైనా ఉమ్మడి ఆస్తి ఉమ్మడిదే. అన్నగారు తన వాటా వరకే మాట్లాడగలరు. కానీ ఇక్కడొక మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్, 1930, సెక్షన్ 28. ఉమ్మడి సొంతదారుల్లో ఒకరి చేతిలోనే, మిగతావాళ్ళ అనుమతితో, వస్తువు ఉందనుకోండి. ఆయన దాన్ని విషయం తెలియని మూడోవాడికి అమ్మితే, ఆ కొన్నవాడికి హక్కు వచ్చేస్తుంది. తర్వాత మీరు అన్నగారి మీద కేసు వేసుకోవచ్చు గానీ ట్రెడిల్ వెనక్కి రాదు. కాబట్టి తాళం చెవి ఎవరికీ ఇవ్వకండి. "చూసి ఇచ్చేస్తాన్రా" అన్నా ఇవ్వకండి. మీ అభ్యంతరం రాతపూర్వకంగా అన్నగారికీ, వీలైతే ఆ పాత ఇనుము వాళ్ళకీ పంపండి. ఇక "నాకు తెలియదు" అనే మాట ఉండదు. అప్పటికీ ఆగకపోతే పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేసి, ఏదీ కదపకుండా ఇంజంక్షన్ అడగాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న, మిషన్ బిల్డింగ్‌లో భాగమా కాదా. ఇది మన కోర్టుల్లో పాత తగాదానే, కాకపోతే వారసత్వం కోసం కాదు, పన్నుల కోసం జరిగింది. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్, 1882, మూడో సెక్షన్ ప్రకారం నేలలో పాతుకున్న గోడ స్థిరాస్తి. ఆ గోడని శాశ్వతంగా అనుభవించడానికి దానికి బిగించినదీ స్థిరాస్తే. మరి మిషన్? మన సిర్పూర్ పేపర్ మిల్స్ కేసు ఉంది, కాగజ్‌నగర్‌ది. కాంక్రీటు దిమ్మ మీద బిగించిన కాగితం మిషన్ స్థిరాస్తి, దానికి ఎక్సైజ్ పడదు అని కంపెనీ వాదన. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఊగకుండా ఉండటానికి బిగించారంతే, విప్పి అమ్ముకోవచ్చు, కాబట్టి స్థిరాస్తి కాదంది. కొన్నాళ్ళకే యూపీలో ఒక ఎరువుల ఫ్యాక్టరీ అమ్మకం కేసు వచ్చింది, డంకన్స్ ఇండస్ట్రీస్ అని. అక్కడ అదే సుప్రీంకోర్టు, ఈ యంత్రాలని శాశ్వతంగా ఉంచే ఉద్దేశంతోనే పెట్టారు, కాబట్టి స్థిరాస్తే, స్టాంపు డ్యూటీ కట్టమంది. ఎక్సైజ్ వసూలు చెయ్యాల్సినప్పుడు కదిలేది, స్టాంపు డ్యూటీ వసూలు చెయ్యాల్సినప్పుడు కదలనిది! మా క్యాంటీన్‌లో దీని మీద జోకులు నడుస్తుంటాయి. జోకు పక్కన పెడితే, కోర్టు చూసేది రెండు: ఎంత గట్టిగా బిగించారు, ఏ ఉద్దేశంతో బిగించారు.

మీ విషయంలో పైనున్న షాఫ్టు దూలాలకి బిగించి ఉంది అన్నారు చూశారా, అది బంగారం. అది బిల్డింగ్‌లో భాగం అని గట్టిగా వాదించవచ్చు. నేల మీది ట్రెడిల్ సంగతి అంత తేలిక కాదు.

హెరిటేజ్ లిస్టు గురించి. పురాతన కట్టడాల మీద కేంద్రం చేసిన 1958 చట్టం కింద కట్టడానికి కనీసం వందేళ్ళు ఉండాలి, అదీ గుళ్ళూ కోటలూ చూసుకునే చట్టం. జార్జిటౌన్ సందులో అచ్చాఫీసు దాకా రాదు. చెన్నైలో నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏ కింద హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీ ఉంది. మౌంట్ రోడ్డు మీది భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ కూల్చడం 2006లో మొదలైతే, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ కోర్టుకెళ్ళింది, 2010లో హైకోర్టు తీర్పు ఆ బిల్డింగ్‌ని నిలబెట్టింది. జస్టిస్ పద్మనాభన్ కమిటీ జాబితాలోని 460కి పైగా బిల్డింగులకి బలం వచ్చింది కూడా ఆ తీర్పుతోనే. ముందు మీ బిల్డింగ్ ఆ జాబితాలో ఉందేమో చూడండి. రాష్ట్రం 2012లో హెరిటేజ్ కమిషన్ చట్టం చేసింది, అది అమల్లోకి రావడానికి 2024 అయింది. పన్నెండేళ్ళు. మీ అన్నగారు పన్నెండు రోజులు కూడా ఆగేలా లేరు.

దరఖాస్తు పెడితే ఒక పని చెయ్యండి. "పాత బిల్డింగ్" అని రాసి ఊరుకోవద్దు. "లైన్ షాఫ్టు, సిలిండర్ మిషన్, రెండు ట్రెడిళ్ళు, టైపు కేసులు కలిసి ఉన్న అచ్చాఫీసు" అని ఒక్కొక్కటీ పేరు పెట్టి, ఫోటోతో, ఎక్కడ ఎలా బిగించి ఉందో రాయండి. బొంబాయిలో 1995లో వచ్చిన హెరిటేజ్ రూల్స్‌లో భవనాలు, కట్టడాలతో పాటు ఆర్టిఫాక్టులు అనే మాట కూడా ఉంది. అలాంటి మాటలో మిషన్ని ఇరికించాలంటే ముందు కాగితం మీద ఆ మిషన్ ఉండాలి. ఇంగ్లండ్‌లో కూడా లిస్టయిన బిల్డింగ్‌కి బిగించి ఉన్నవాటికే రక్షణ, విడిగా నిలబెట్టినదానికి అక్కడా కష్టమే.

రాజీపడదాం_రండి

అందరూ అన్నగారిని విలన్ చేసేస్తున్నారు. నేను కాస్త ఆయన వైపు మాట్లాడతాను, తిట్టుకోండి పర్లేదు.

పాతికేళ్ళకి పైగా మూసి ఉన్న బిల్డింగ్. కప్పు కారుతుంది, ప్రాపర్టీ ట్యాక్స్ వస్తుంది, దూలానికి చెద పట్టి పక్కింటి మీద పడితే కేసు మీ అందరి మీదా. ఇవన్నీ ఇప్పటిదాకా ఎవరు కట్టారు? మీ నాన్నగారే అయితే సరే. అన్నగారు కూడా పంచుకుని ఉంటే ఆయనకీ మాట్లాడే హక్కుంది. హెరిటేజ్ లిస్టులో పెట్టామంటే ప్రభుత్వం డబ్బులిచ్చి కప్పు వేయించదు. కొనేవాడు పారిపోతాడు, రిపేరు ఖర్చు మాత్రం ఇంటివాళ్ళదే. అందుకే ఓనర్లు లిస్టు అనగానే భయపడతారు, అందులో దురాశ ఒక్కటే లేదు. బొంబాయిలో వదులుకున్న కట్టుబడి హక్కుని వేరే చోట అమ్ముకోమని టీడీఆర్ ఇచ్చారు, కనీసం అలాంటిదేదో ఉండాలి. లిస్టు ఉంటే చాలనుకునేవాళ్ళు హైదరాబాద్ వైపు చూడండి, ఎన్నో ఏళ్ళుగా ఉన్న హెరిటేజ్ రెగ్యులేషన్‌ని 2015లో ఎత్తేశారు, కొత్త చట్టం 2017లో వచ్చింది. మధ్యలో ఏ పాత ఇంటివాడికైనా ఎంత ఛాన్సు!

నా సలహా: పార్టిషన్ యాక్ట్, 1893 ఉంది. పంచడానికి వీల్లేని ఆస్తి అమ్మించమని సగం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్ళు అడిగితే, కోర్టు విలువ కట్టిన ధరకి ఆ వాటాలు మీరే కొనుక్కునే వీలుంది. కొనే స్తోమత లేకపోతే నిజాయితీగా ఒప్పుకుని మిషన్ల మట్టుకు బేరం పెట్టండి. బిల్డింగ్‌కి సంతకం పెడతాను, మిషన్లు నావి, అనండి. అన్నగారు సంతోషంగా ఒప్పుకుంటారు.

మింటువీధి_మనవడు

@రాజీపడదాం గారూ, కోపం లేదండీ, ట్యాక్స్ సగం అన్నయ్యే కట్టాడు, అది నిజం. కానీ మిషన్లు తీసుకుని బిల్డింగ్ వదిలేస్తే ఎక్కడ పెట్టను? అంబత్తూరులో మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. సిలిండర్ మిషన్ మా హాలంత ఉంటుంది. అసలు ఆ షాఫ్టు లేకుండా అవి ఉంటే ఏమిటి, ఎందుకు అన్నది ఇంకో సంగతి.

ట్రెడిల్_తాత

నేను ట్రిప్లికేన్‌లో ముప్పై రెండేళ్ళు కంపోజిటర్‌గా, తర్వాత మిషన్‌మ్యాన్‌గా చేశాను. వయసు డెబ్బై నాలుగు. మా మనవరాలు టైప్ చేస్తోంది, తప్పులుంటే దానివి.

బాబూ, ఆఖరి మాట సరిగ్గా అడిగావు. వకీలుగారు చెప్పినది బాగుంది గానీ ఆయన మిషన్ని విడిగా చూస్తున్నారు. అచ్చాఫీసులో మిషన్ విడిగా ఉండదు. మోటారు షాఫ్టుని తిప్పుతుంది, షాఫ్టు పుల్లీని, పుల్లీ బెల్టుని, బెల్టు మిషన్ని. ఆ దూలం అంత లావు ఎందుకు వేశారనుకున్నావు? ఒకసారి మా ప్రెస్సులో షాఫ్టు బ్రాకెట్టు వదులైతే బల్ల మీద గ్యాలీలు, అదే పేర్చిన అక్షరాలుండే పళ్ళేలు, నడుచుకుంటూ కింద పడ్డాయి, రెండు రోజులు అక్షరాలు ఏరుకున్నాం. ఆ దూలం తీసేసి మిషన్ని మ్యూజియంలో అద్దాల వెనక పెడితే అది గేటు దగ్గర పెట్టే పాత ఫిరంగి లాంటిదే. ఊటీ రైలు చూడు. రైలు, పట్టాలు, స్టేషన్లు, ఆవిరి ఇంజన్లు అన్నీ ఒక్క రైల్వే వాళ్ళవే, అందుకే అన్నీ కలిపి బతికున్నాయి, 2005లో యునెస్కో వాళ్ళు గుర్తించారు కూడా. ఇంజన్ ఒకరిది, పట్టా ఇంకొకరిదీ అయి ఉంటే ఎప్పుడో కాటాకి వెళ్ళేది.

టైపు సంగతి. పాత ఇనుము వాడికి అది సీసం, కొంచెం ఆంటిమొనీ, తగరం. తెలుగు కేసు ఎలా ఉంటుందో వాడికి తెలియదు. ఇంగ్లిషు కంపోజిటర్ రెండు పెట్టెల ముందు నిలబడి పని చేసేవాడు, మేము గుణింతాలకీ వత్తులకీ చుట్టూ పెట్టెలు పెట్టుకుని మధ్యలో నిలబడేవాళ్ళం. చూడకుండా చెయ్యి వెళ్ళిపోయేది. 'క్ష' ఎక్కడుందో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చూపిస్తాను. ఏ గూట్లో ఏ అక్షరం అన్నది ఒక్కో ప్రెస్సుకి ఒక్కో తీరు. కాబట్టి కేసుల్ని కదపకముందే పైనుంచి ఒక్కో కేసు ఫోటో తియ్యి. అక్షరాలు ఒకసారి కలిసిపోయాయంటే ఇక అది నిజంగానే సీసమే.

పిచ్చి పనులు చెయ్యకు. ఆ బిగించిన ఫారం విప్పకు, అలాగే ఉండనీ. ట్రెడిల్ చక్రం పట్టుకుని బలవంతంగా తిప్పకు, పోత ఇనుము, చెయ్యి కూడా పోతుంది, మిషనూ పోతుంది. ముందు నూనె రంధ్రాలు వెతుకు, ఇంకు, దుమ్ము కలిసి గట్టిపడి ఉంటాయి. కిరోసిన్ పోసి ఒక రోజు వదిలెయ్యి. ఎవడైనా "గ్యాస్ కటింగ్ తెస్తాను సార్" అంటే తలుపు వేసెయ్యి. మొత్తం విప్పాల్సి వస్తే ప్రతి బోల్టుకీ నంబరు వెయ్యాలి, పెయింటుతో కాదు, కాగితం చీటీ తీగతో కట్టి.

హైకోర్టు_క్యాంటీన్

@ట్రెడిల్_తాత గారూ, షాఫ్టు గురించి మీరు రాసిన పేరా నేను పిటిషన్‌లో పెట్టుకోవచ్చా? నిజంగానే అడుగుతున్నాను. కోర్టు అడిగేది ఉద్దేశం గురించి. దూలం, షాఫ్టు, పుల్లీ, మిషన్ ఒకే వ్యవస్థగా పనిచేశాయని ముప్పై రెండేళ్ళు దాని మీద పనిచేసిన మనిషి అఫిడవిట్ ఇస్తే, నా సెక్షన్ల కంటే అది బలం. పారిశ్రామిక వారసత్వం మీద 2003లో నిజ్నీ తగిల్ చార్టర్ అని ఒకటి వచ్చింది, అందులో కూడా ఇదే ఉంది: యంత్రాలు తీసేస్తే ఆ చోటు విలువ, అసలుతనం బాగా పడిపోతాయని. మన కోర్టుల్ని అది కట్టిపడెయ్యదు, కానీ కమిటీ ముందు చదవడానికి పనికొస్తుంది.

మింటువీధి_మనవడు

అప్‌డేట్. నిన్న స్పీడ్ పోస్టులో అన్నయ్యకి అభ్యంతరం పంపాను, ఫోన్ చేసి ముందే చెప్పాను కూడా, లేకపోతే పెద్దమ్మ ముందు దొంగలా నిలబడాలి. గంట సేపు అరిచాడు. తర్వాత, ఆఖరి ఫారం ఫోటో పంపితే చాలాసేపు జవాబు రాలేదు. "ఈ పెళ్ళికూతురు మన ఎదురింటి వాళ్ళ అమ్మాయి కదరా" అని మెసేజ్ పెట్టాడు. ఒప్పుకున్నాడని కాదు. దీపావళి దాకా ఆగుతానన్నాడు, అంతే.

కమిటీ జాబితాలో మా బిల్డింగ్ లేదు. కాబట్టి దరఖాస్తు పెట్టడమే. ఆదివారం మా తమ్ముడూ నేనూ వెళ్ళి అన్నీ కొలిచి, కేసుల ఫోటోలు తీసి జాబితా రాస్తాం. షాఫ్టు బ్రాకెట్ల బోల్టులు దూలం అవతలి దాకా దూసుకెళ్ళాయో లేదో కూడా నిచ్చెన వేసి చూస్తాను, వకీలుగారికి అది కావాలి కదా.

@ట్రెడిల్_తాత గారూ, కిరోసిన్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? ఎంత తేవాలి?

ట్రెడిల్_తాత

రెండు లీటర్లు చాలు. దొరక్కపోతే డీజిల్ తే. ఇనుప వైర్ బ్రష్ మాత్రం తేకు, ఇత్తడిది నేను పట్టుకొస్తాను. పదింటికి మింట్ స్ట్రీట్ మొదట్లో నిలబడు, సందు నాకు గుర్తులేదు.

టిఫిన్ చేసి రమ్మంటున్నాడు తాతయ్య. మధ్యాహ్నం దాకా వదలరు, ముందే చెబుతున్నా. — మనవరాలు